గాలి జారేంత సందు

తైనాన్,
ఆదివారం

లియెన్‌కి,

నీకు ఆశ్చర్యంగా ఉంటుందని తెలుసు. పెళ్ళికి ముందు కూడా నేను నీకు ఉత్తరం రాయలేదు. సంబంధం తెచ్చిన పెద్దావిడతో "సరే" అని కబురు పంపాను, అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని నువ్వు నన్ను ఇన్నేళ్ళూ ఆట పట్టించావు.

ఇప్పుడు రాయక తప్పడం లేదు. ఈ వార్డులోకి పొద్దున అరగంట, సాయంత్రం అరగంట మాత్రమే రానిస్తారు. ఆ అరగంటలో నేనేం చేస్తున్నానో చూస్తూనే ఉన్నావు. దుప్పటి సర్దుతాను. నీ కాళ్ళు చల్లగా ఉన్నాయేమో తాకి చూస్తాను. నిన్న నువ్వు కళ్ళతోనే "ఏదైనా చెప్పు" అన్నావు. నేను "బయట చలి తగ్గింది" అన్నాను. నువ్వు కళ్ళు మూసుకున్నావు.

నర్సు ఫాన్ అది చూసింది. బయట నన్ను ఆపి, "పెద్దనాన్నా, నోటితో రాకపోతే రాసి తెండి. పెద్దమ్మకి కళ్ళద్దాలు పెట్టి నేను చూపిస్తాను" అంది. రోజూ కొట్టు లెక్క రాసుకుంటాను కాబట్టి కలం నాకు కొత్త కాదు. కానీ లెక్కలో ఎన్ని చేపలు వచ్చాయో రాస్తే చాలు, ఎలా ఉన్నానో రాయక్కర్లేదు.

ఏం జరిగిందో నీకెవరూ వరసగా చెప్పలేదని ఫాన్ అంది. చెబుతాను. చలిగాలి వచ్చి చెరువుల్లో పాలబొంత చేపలు పొట్టలు తెల్లగా పైకి తేలిన వారం గుర్తుందా? మన గంజి కొట్టుకి చేప దొరకదేమోనని నువ్వే గట్ల వెంట తిరిగి బేరమాడావు. తర్వాత జ్వరం వచ్చింది. మామూలు జలుబే అన్నావు. ఒక పొద్దున గంజి గరిటె చేతిలో ఉండగానే కూలబడ్డావు. ఊపిరితిత్తులు రెండూ పట్టేశాయన్నారు. పెదవులు నల్లబడ్డాయి. అందుకని నోట్లోంచి గొంతులోకి గొట్టం వేసి ఊపిరి యంత్రానికి తగిలించారు. ఆ గొట్టం సరిగ్గా మాట పుట్టే చోటు మధ్యలోంచి వెళ్తుందట. అందుకే నీకు మాట రావడం లేదు. నీ గొంతు ఎక్కడికీ పోలేదు. మొన్న నువ్వు ఏడ్చింది దానికేనని నాకు ఇంటికెళ్ళాక తట్టింది.

చేతులు గుడ్డతో మంచానికి కట్టింది శిక్ష కాదు. నిద్రలో గొట్టం లాగేసుకుంటావని. నేనున్న అరగంటా విప్పమని అడిగాను, విప్పుతున్నారు. అందుకే నీ చెయ్యి పట్టుకుని నిలబడుతున్నాను. ప్రేమ అనుకున్నావేమో, కాపలా. సరే, రెండూ అనుకో.

కొట్టు తెరుస్తున్నాను. చేప ముళ్ళు తీయడం నా చేతికి అలవాటే, గంజి కూడా బాగానే కుదురుతోంది. కానీ నీ కేక లేక జనానికి ఎవరి గిన్నె ఎవరిదో తెలియడం లేదు. పక్క బండి ఛాయ్ అక్క నిన్న అందరూ వినేట్టు అంది: "ఒరే లాయ్, గంజి అమ్ముతున్నావా, సంతాప సభ పెట్టావా? ఒక్క మాటన్నా మాట్లాడి చావు!" నేను "ఇంకో గిన్నె కావాలా అక్కా" అన్నాను. "అబ్బో, ఉపన్యాసం!" అంది.

ఊపిరితిత్తులు బాగుపడ్డాయట. రేపు ఏదో పరీక్ష చేసి, గొట్టం ఎప్పుడు తీయవచ్చో చెబుతానన్నాడు డాక్టర్ తూ.

నీ చేతికి కాపలా ఉన్నవాడు,
లాయ్


మంగళవారం

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవాల్సిన లియెన్‌కి,

ఈ ఉత్తరం నీకు ఇవ్వొద్దని మన అమ్మాయి చిన్-యా అంటోంది. కావ్‌షుంగ్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన పిల్ల, నిద్ర లేక కళ్ళు వాచి ఉంది. దాన్ని తిట్టకు. మన వైపు అందరూ చేసేదే అది చెబుతోంది. జబ్బు మనిషికి జబ్బు సంగతి చెప్పం. బంధువులంతా వసారాలో నిలబడి తేల్చేసి, లోపలికొచ్చి నవ్వుతారు. మా నాన్నకి అలాగే చేశాం. ఆయన చివరిదాకా కడుపులో పుండే అనుకున్నాడు, లేదా మా కోసం అనుకున్నట్టు నటించాడు.

నిన్న చేసిన పరీక్ష ఇది. గొంతు లోపల ఉన్న గొట్టం కొసకి చిన్న గాలిబుడగ ఉంటుందట. అది ఉబ్బి ఉంటే చుట్టూ సందు మూసుకుని, యంత్రం పంపే గాలంతా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. బుడగలో గాలి తీసేస్తే గొట్టానికీ గొంతుకీ మధ్య సందులోంచి గాలి బుస్సుమని జారాలి. జారితే లోపల చోటుందన్నమాట, గొట్టం తీయొచ్చు. డాక్టర్ తూ నీ మెడ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. నేను అద్దం అవతల నుంచి అతని మొహం చూశాను. అతనికి గాలి జారే చప్పుడేమీ వినపడలేదు.

ఇన్నాళ్ళు గొట్టం ఒరుసుకుని లోపల వాచిందట. ఆడవాళ్ళ గొంతు సన్నం కాబట్టి ఇది ఇంకా ఎక్కువట. అలాగే లాగేస్తే వాచిన కండ దగ్గరికొచ్చి గాలి దారి మూసుకోవచ్చు. అప్పుడు హడావిడిగా మళ్ళీ గొట్టం వేయాలి. వాచిన గొంతులో అది సులువు కాదు. అదీ కుదరకపోతే మెడకి కోత పెట్టి అక్కడ గొట్టం అమర్చాలి. మెడ కోసుకుని బతకనని నువ్వు ఎన్నిసార్లు అన్నావో నాకు గుర్తుంది.

వాపు తగ్గించే మందు ఉందట. తీయడానికి చాలా గంటల ముందు నుంచే కొద్దికొద్దిగా నరంలోకి ఎక్కిస్తూ రావాలి. తీసే ముందు ఒక్కసారిగా ఇస్తే పని చేయదట. నేను మందు పేరు అడిగాను. అతను కుర్రాడు. మనలాంటి వాళ్ళకి తేలిగ్గా అర్థం కావాలని నవ్వుతూ, "పెద్దనాన్నా, మీ వాళ్ళంతా 'అమెరికా అమృతగుళిక' అంటారే, ఆ జాతిదే. స్టిరాయిడ్" అన్నాడు. పాపం, అతనికి ఏం తెలుసు. చిన్-యా గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

మీ అమ్మ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ అది దాటకుండా ఈ ఉత్తరం ముందుకు పోదు. రేడియోలో మందులమ్మేవాడు తీయగా "అమ్మా, మీ మోకాళ్ళు నాకు వదిలెయ్యండి" అనేవాడు. ఆ నల్ల మాత్రలు మింగి ఆమె లేచి నడిచింది. మనం పండగ చేసుకున్నాం. మొహం గుండ్రంగా నిండితే, కూతురు బాగా పెడుతోందని నిన్ను అందరూ మెచ్చుకున్నారు. తర్వాత చర్మం తడి కాగితంలా చిరగడం మొదలైంది. తుమ్మితే వెన్నుపూస విరిగింది. ఆ మాత్రలో ఈ స్టిరాయిడ్‌నే నూరి కలిపారని ఆసుపత్రివాళ్ళు చెప్పేసరికి ఆమె ఇక మంచం దిగలేని స్థితికి వచ్చింది. నువ్వు రేడియో తీసుకెళ్ళి చెరువులో విసిరేశావు. ఆ మందు చుక్క కూడా నా ఒంట్లోకి రానివ్వనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నావు. నేను పక్కనే ఉన్నాను.

ఇది రెండో కాగితం. మొదటిది తీసేసి ఫాన్ దీన్ని పట్టుకుంటుంది.

మీ అమ్మ సంగతంతా డాక్టర్ తూకి చెప్పాను. నేను అంత సేపు మాట్లాడడం చూసి చిన్-యా నోరు తెరుచుకుని చూసింది. అతని మొహంలో నవ్వు పోయింది. ముందు క్షమించమన్నాడు. తర్వాత చెప్పాడు: ఆవిడ ఏం మింగుతోందో, ఎంత మింగుతోందో తెలియకుండా ఏళ్ళ తరబడి మింగింది. ఇది కొలిచి ఇచ్చేది, గొట్టం తీసేదాకా మాత్రమే, ఆ తర్వాత ఉండదు. రక్తంలో చక్కెర పెరగొచ్చు, చూసుకుంటాం. "ఇస్తే తప్పకుండా దారి తెరుచుకుంటుందా?" అని అడిగాను. "తప్పకుండా అని చెప్పలేను. ఇవ్వకపోవడం కంటే ఇస్తే అవకాశం బాగా ఎక్కువ" అన్నాడు. ఆ రేడియో వాడు ప్రతి మాటకీ తప్పకుండా అనేవాడు. అనలేనన్నాడు కాబట్టి ఇతన్ని నమ్మాను.

"నాన్నా, అమ్మకి చెప్పకు, సంతకం పెట్టెయ్. అన్నీ సర్దుకున్నాక చెబుదాం, లేకపోతే అసలే వద్దు" అంది చిన్-యా. నాకు అది కుదరలేదు. ఎందుకు కుదరలేదో సరిగ్గా చెప్పలేను. అందుకే అడుగుతున్నాను. వేయించుకుంటావా?

నా మాట కావాలంటే, వేయించుకో. నువ్వు లేని ఇల్లు నిశ్శబ్దంగా ఉందంటే "నీకు కావలసిందదేగా" అంటావు. నిజమే, నాకు నిశ్శబ్దం ఇష్టం. నువ్వు వంటింట్లో ఎవర్నో తిడుతూ ఉంటే, నేను ఈ గదిలో కూర్చున్నప్పుడు ఉండే నిశ్శబ్దం. ఇప్పుడున్నది అది కాదు. ఇది నాకు చేతకావడం లేదు.

జవాబు కోసం చూసే
లాయ్


బుధవారం, వార్డు బయట వసారాలో

లియెన్,

ఇది నీకు ఇప్పుడే ఇవ్వొద్దని ఫాన్‌కి చెబుతాను. గొట్టం తీసి, నీ ఊపిరి కుదుటపడ్డాకే ఇవ్వాలి. కుదుటపడకపోతే ఏం చేయాలో చెప్పను. చెప్పడానికి నోరు రాదు.

నిన్న సాయంత్రం ఫాన్ నీకు కళ్ళద్దాలు పెట్టి మొదటి కాగితం పట్టుకుంది. నేను నీ చెయ్యి విప్పి కలం ఇచ్చాను. నువ్వు చదువుతూ చదువుతూ కళ్ళు పెద్దవి చేశావు. అట్టకి తగిలించిన కాగితం మీద ఒకే మాట రాశావు. వద్దు. కాగితం చిరిగేంత గట్టిగా. మొహం అటు తిప్పుకున్నావు. చిన్-యా ఏడవడం మొదలుపెట్టింది. "ఇంకా సమయం ఉంది, రెండో కాగితం కూడా చదువు" అని నేను అనాలి. అనలేదు. దాన్ని నీ గుండెల మీద పెట్టి బయటికి నడిచాను.

వసారాలో డాక్టర్ తూ సంతకం కాగితంతో ఎదురొచ్చాడు. "పెద్దమ్మ ఏమంది?" అన్నాడు.

"సరే అంది" అన్నాను.

నా జీవితంలో అబద్ధాలు తక్కువ. మాటలే తక్కువ కాబట్టి అవకాశం రాలేదు. వచ్చినప్పుడు ఇలాంటిది ఆడాను. సంతకం పెట్టాను. చిన్-యా నా వెనకే నిలబడి చూసింది, ఒక్క మాట అనలేదు. అది అలా ఊరుకోవడం నా పెంపకమే అనిపించింది.

మందు రాత్రంతా ఎక్కించారు. ఇవాళ పొద్దున బుడగలో గాలి తీసి మళ్ళీ విన్నారట. కొంచెం జారుతోందని ఫాన్ చెప్పింది. కొంచెమే. ఆ కొంచెం చాలో చాలదో గొట్టం తీస్తేనే తెలుస్తుందట. పక్కన అన్నీ సిద్ధం చేసుకుని కాసేపట్లో తీస్తారు.

అందుకే ఇప్పుడే చెప్పాలి. నీ మేలు కోరి చేశానని రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను. నీ గొంతు మూసుకుపోతుందని కాదు, మూసుకుపోతే నేనేమవుతానో అని భయపడి చేశాను. నిన్ను అడగకుండా చిన్-యా చెప్పినట్టు చేసి ఉంటే అది మన అందరి అలవాటని సరిపెట్టుకునేవాళ్ళం. నేను అడిగాను. జవాబు నాకు నచ్చలేదని పక్కన పెట్టాను. నీ ఒంటి మీద నీ మాట చెల్లకుండా చేశాను. అది కూడా నీకు నోరు లేనప్పుడు.

నన్ను చూడటం ఇష్టం లేకపోతే మొహం అటు తిప్పుకో. నాకు అర్థమవుతుంది. తలుపు దగ్గర నిలబడి వెళ్ళిపోతాను. నువ్వు ఊపిరి పీలుస్తున్నావని తెలిస్తే చాలు, ఎటు తిరిగి పీల్చినా.

డాక్టర్ తూ చేతులు కడుక్కుంటున్నాడు. ఫాన్ తెర లాగింది. ఆపుతున్నాను.

లాయ్


శుక్రవారం

ఓయ్ ముసలోడా,

ఇది భోజనం పట్టీ వెనక రాస్తున్నాను. ఇక్కడి గంజి చప్పిడి నీళ్ళు, మనం ఇలాంటిది అమ్మితే ఛాయ్ అక్క గిన్నెతో కొడుతుంది. నన్ను మాట్లాడొద్దన్నారు. గుసగుస కూడా వద్దట, గొంతుకి అది ఇంకా చెరుపట. ఇంత కోపం కడుపులో పెట్టుకుని నోరు మూసుకోవడం ఎంత కష్టమో నీకేం తెలుస్తుంది, పుట్టినప్పట్నుంచీ అదే నీ పని.

ముందు గొట్టం సంగతి. నువ్వు తలుపు అవతల ఉన్నావు కాబట్టి నీకు సగమే తెలుసు. "గట్టిగా దగ్గు పెద్దమ్మా" అంది ఫాన్. దగ్గాను. బురదలోంచి మలుగుపాముని లాగినట్టు లాగారు. నేను మొదటి ఊపిరి పీల్చాను. కెటిల్ కూసినట్టు కూత వచ్చింది. డాక్టర్ తూ నా మెడకి స్టెతస్కోపు ఆనించి అలాగే ఉండిపోయాడు. పక్క బల్ల మీద ఇంకో గొట్టం, దాని పక్కన కత్తి, కళ్ళ ముందే కనపడుతున్నాయి. మొహానికి మాస్కు పెట్టి పొగలాంటి మందు వదిలారు. "నెమ్మదిగా, ముక్కుతో, కంగారేం లేదు" అంటోంది ఫాన్, దాని చెయ్యి మాత్రం మంచులా ఉంది. పీలుస్తూ ఉన్నాను. కూత సన్నబడింది. ఇంకా సన్నబడింది. పోయింది. డాక్టర్ తూ నిటారుగా నిలబడి, కుర్చీ లాక్కుని దాన్లో కూలబడ్డాడు. "రోగి నేనా, నువ్వా?" అని అతన్ని అడగాలనిపించింది.

ఆ మందు లేకపోతే ఆ సన్నటి దారి కూడా ఉండేది కాదేమో అన్నాడు. ఏమో అనే అన్నాడు. నువ్వు చెప్పినట్టే, తప్పకుండా అని ఒక్కసారి కూడా అనడు.

ఇక నీ సంతకం సంగతి. అది దండగ.

నువ్వు ఆ రెండో కాగితం నా మీద పడేసి, ఒళ్ళు కాలినట్టు వెళ్ళిపోయావు. చిన్-యా నీ వెనక పరిగెత్తింది. ఫాన్ మాత్రం ఉండిపోయింది. కాగితం ఎత్తి నా కళ్ళ ముందు పట్టుకుంది. మొదటి కాగితంలో మా అమ్మ ఉంది. రెండోదాంట్లో నువ్వున్నావు. నేను మొదటిదే చదివి వద్దన్నాను, నువ్వు అంతవరకే చూసి పోయావు. రెండోది రెండుసార్లు చదివించుకున్నాను. వంటింట్లో నేను తిట్టేది ఎవర్నో కాదు, నిన్నే. అది కూడా తెలుసుకో.

తర్వాత ఫాన్ సూది పట్టుకుని వచ్చింది. వంగి, నా చెవి దగ్గర అంది: "పెద్దమ్మా, నువ్వు సరే అన్నావని పెద్దనాన్న సంతకం పెట్టాడు. కానీ నువ్వేం రాశావో నేను చూశాను. అందుకని నిన్నే అడుగుతున్నా. ఇది ఆ మందే. వద్దంటే ఇలాగే తీసుకెళ్ళి డాక్టరుకి చెబుతాను, ఎవరూ నిన్నేం అనరు." మందు సీసా నా కళ్ళద్దాల దగ్గర పెట్టి, పేరు మీద వేలు పెట్టి చూపించింది.

మా అమ్మకి ఎవరూ అలా చూపించలేదు. పేరే లేని నల్ల మాత్రని, ఎవడో తీయగా మాట్లాడాడని మింగింది. ఇన్నేళ్ళూ నేను మందుని తిడుతూ వచ్చాను. తిట్టాల్సింది చెప్పకపోవడాన్ని. నువ్వు చెప్పావు. చిన్-యా వద్దంటున్నా, మీ వంశంలో ఎవరూ ఎప్పుడూ చెప్పకపోయినా, రెండు కాగితాల నిండా చెప్పావు. నేను తల ఊపాను. ఎక్కించిన ప్రతిసారీ ఆ పిల్ల మళ్ళీ అడిగింది, నేను మళ్ళీ ఊపాను. చివరిసారి విసుగొచ్చి కళ్ళెర్రజేశాను.

కాబట్టి నువ్వు నా మాట తొక్కేసి నన్ను బతికించావని మురిసిపోకు, కుమిలిపోకు. నీ సంతకం కాదు, నీ ఉత్తరం పని చేసింది. అలాగని నీ తప్పు మాఫీ అనుకోకు. వద్దని రాశాను, నువ్వు సరే అందని చెప్పావు. ఆ ఫాన్ లేకపోతే నాకు తెలియకుండానే ఎక్కించేసేవాళ్ళు. ఇంకెప్పుడూ నా నోటితో నువ్వు మాట్లాడకు. దానికి తిట్లు దాచిపెట్టాను, గొంతు బాగయ్యాక వడ్డీతో సహా వేస్తాను.

నిన్న తలుపు దగ్గర దొంగలా నిలబడి, నేను గోడవైపు తిరిగానని వెళ్ళిపోయావట. మూర్ఖుడా! దగ్గొచ్చి తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి నీ వీపే కనపడింది. పిలవడానికి నాకు గొంతు లేదు. మంచం కమ్మీని చెంచాతో టంగుటంగుమని కొట్టాను, పక్క మంచం ముసలాయన లేచి కూర్చున్నాడు, నువ్వు మాత్రం వినలేదు. నీ ఉత్తరం ఆ తర్వాతే ఇచ్చింది ఫాన్. చదివి, ఏడుపొస్తే కూతలా వినపడుతుందేమోనని భయపడి, ఊపిరి బిగబట్టి ఏడ్చాను.

రేపు పొద్దున రా. తలుపు దగ్గర కాదు, మంచం దగ్గరికి. నాకు ఇంకా కొన్నాళ్ళు మాట లేదు కాబట్టి, అరగంటా మాట్లాడాల్సింది నువ్వే. చలి సంగతి చెబితే చెంచా విసిరేస్తాను.

కాగితాలు తేకు. నోరు తీసుకురా.

సూ-లియెన్